అడుగు ఎత్తని మనిషి

పోయిన వారం జయశీలను ఒడ్డున గాలిలో నిలబెట్టి వచ్చాం. ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని ఉంది. చంకలో గాలం కర్ర, జేబులో కడిగి ఆరబెట్టిన తేనె సీసా.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారి కోసం నాలుగు మాటలు. జయశీలది నిజాంపట్నం అవతల సముద్రం ఒడ్డున చిన్న పాలెం. వలలు లాగే ఇంట్లో పుట్టి, ఆ పాలెంలో అందరికంటే ముందు డిగ్రీ చేతికి తీసుకున్న పిల్ల. ఇప్పుడు జర్మనీ ఉత్తరాన కీల్‌లో, ఓడలకు పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా వచ్చాక తమ్ముడు ఇస్సాకును కూడా రప్పించి ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్‌లో చేర్పించింది. కిందటి ఈస్టర్ సెలవులకు అక్క దగ్గరికి వచ్చిన ఇస్సాకు, రూమ్మేట్ మైకేల్‌తో కలిసి ఈ ఒడ్డుకు వచ్చాడు. సముద్రంలోకి నడిచాడు. తిరిగి రాలేదు. టోపీ దొరికింది, మనిషి దొరకలేదు.

ఆ పాలెంలో, సముద్రం ఉంచేసుకున్నవాళ్ళకు కూడా సమాధి కడతారు. మనిషి పోయిన చోటి ఇసుక గుప్పెడు తెచ్చి, అతని చొక్కాలో మూటగట్టి పూడుస్తారు. బతికున్నవాడి పేరున ఇసుక పూడిస్తే వాడికి ఇంటిదారి మూసుకుపోతుందని అక్కడి నమ్మకం. అందుకే ఎవరూ తొందరపడరు, ఏడాది ఆగుతారు. ఆ ఏడాది గడిచింది. ఈ ఈస్టర్ తెల్లవారుజామున అందరూ తమవాళ్ళ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే వేళకు, తల్లి శాంతమ్మకూ వెలిగించుకోవడానికి ఒక చోటు కావాలి. గుంట తవ్వించి ఉంచింది. ఇసుక కోసం చూస్తోంది. జయశీల స్నేహితురాలు ఫెలిషా రేపు విమానం ఎక్కుతుంది. ఆమె చేతికి సీసా అందాలి.

కావలసిన ఇసుక ఒడ్డున లేదు. లోపల, నడుము లోతు నీళ్ళకు అవతల, ఒక దిబ్బ మీద ఉంది. ఏప్రిల్ గాలిలో, చల్లటి నీళ్ళలో అక్కడికి దారి తెలిసినవాడు హెన్నింగ్. సముద్రపు ట్రౌట్ చేపల కోసం వచ్చేవాళ్ళను నీళ్ళలో నడిపించి తీసుకెళ్ళడం అతని వృత్తి. తమ్ముడు పోయిన చోటు చూడాలని జయశీల అతన్ని అడిగింది. ఇసుక సంగతి చెప్పలేదు.

"గాలం పట్టుకునేవాళ్ళనే తీసుకెళ్తాను," అన్నాడతను. "గాలం చేతిలో ఉన్న మనిషి నా మాట వింటాడు. ఏడ్చే మనిషి వినడు."

అందుకే ఆమె చంకలో గాలం.

*

హెన్నింగ్ అరవై దాటినవాడు. పొద్దున కలిసినప్పుడు "మొయిన్" అని ఒక్క ముక్కతో పలకరించి, ఆమె పక్కన వణుకుతున్న కుర్రాడి పేరు అడిగాడు. మైకేల్ అనగానే నవ్వాడు.

"మీ దేశంలో అందరూ మైకేల్‌లేనా?"

జయశీల పట్టించుకోలేదు. మైకేల్ కూడా నవ్వలేదు.

ఆ చోటు ఎక్కడో తెలిసినవాడు మైకేల్ ఒక్కడే. ష్వైన్‌ఫర్ట్ నుంచి మూడు రైళ్ళు మారి, బలవంతాన వచ్చాడు. ఊరు ఏలూరు. ఆ రోజు నుంచి నీళ్ళంటే భయం.

"అక్కా, ఇక్కణ్ణించే వేలెట్టి చూపించేస్తానక్కా. ఆ తెల్లగా నురగ కనపడతంది చూడండి, అదే."

"నువ్వు వేలెడితే ఆ ఇసుక నడిచొస్తుందా? పద."

"కాళ్ళు కొయ్యబారిపోతాయండి."

"రెండు జతల మేజోళ్ళు ఎక్కువ తెచ్చా. అవీ తొడుక్కో. త్వరగా కానీరా, పెళ్ళికొడుకు ముస్తాబంత సేపు చేస్తన్నావు."

హెన్నింగ్ ఇద్దరి నడుముల దగ్గరా బెల్టులు బిగించి, ఒకసారి గట్టిగా లాగి చూశాడు. బెల్టు వదులైతే, పడినప్పుడు ప్యాంటులోకి నీళ్ళు దిగుతాయి. దిగితే లేవడం కష్టం.

"గాలి భూమి మీది నుంచి సముద్రంలోకి కొడుతోంది," అన్నాడు. "నీళ్ళను లోపలికి తోసేస్తుంది. గాలి తిరిగేదాకా దిబ్బ నీళ్ళకు పైనే ఉంటుంది. తిరిగితే నేను చెయ్యెత్తుతాను. చెయ్యెత్తాక మాటలుండవు. వెనక్కి నడవడమే."

ముగ్గురూ దిగారు.

చలి మొదట కాళ్ళకు తెలియలేదు. రబ్బరు మీద నీళ్ళ బరువు తెలిసింది, అంతే. తర్వాత మోకాళ్ళ వెనక ఎవరో ఇనప చేతులు వేసి పట్టుకున్నట్టయింది. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక, మధ్య మధ్య నల్లటి నాచు, గుండ్రాళ్ళు. గాలి వీపును తోస్తోంది. వెనక్కి తిరిగితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత గాలి.

హెన్నింగ్ ఆగాడు. "విసురు."

"నేను చేపల కోసం రాలేదు."

"చేపలకు ఆ సంగతి తెలియదు. విసురు."

ఆమె విసిరింది. చేప ఆకారంలో ఉన్న లోహపు ఎర గాలి మీద చాలా దూరం పోయి పడింది. దారం చుట్టుకుంటూ రెండడుగులు నడిచింది, మళ్ళీ విసిరింది. పాలెంలో ఆడపిల్లను పడవ ఎక్కనివ్వరు. ఒడ్డున వల లాగేటప్పుడు మాత్రం అందరి చేతులూ కావాలి. ఆ తాడు బరువు ఆమె అరచేతులకు ఇంకా గుర్తుంది. అందుకే దారం ఒక్కసారి బిగిసినప్పుడు ఆమె ఉలిక్కిపడలేదు. కర్ర నిలబెట్టి పట్టుకుంది. వెండిరంగు చేప ఒకటి నీళ్ళు చీల్చుకుని పైకి లేచింది.

"చిన్నది," అన్నాడు హెన్నింగ్, దగ్గరికి వచ్చాక. తడి చేత్తో పట్టి, కొక్కెం తీసి వదిలేశాడు.

చేప వెంటనే పోలేదు. జయశీల బూట్ల మధ్య, ఆమె నీడలో కాసేపు నిలబడింది. మొప్పలు కదుపుతూ ఉంది. తర్వాత ఎటు పోయిందో కనపడలేదు.

మైకేల్ అది చూసి ముఖం తిప్పుకున్నాడు.

*

దిబ్బ మీద ఇసుక తడిగా, గట్టిగా ఉంది. నాలుగు వైపులా నీళ్ళు. అవతలి అంచున ఒక పెద్ద నల్లరాయి, సగం నీళ్ళలో.

"ఇక్కడేనక్కా," అన్నాడు మైకేల్. "ఇక్కణ్ణించి దిగాడు. ఆ రాయి మీద కాలెత్తి వేశాడు. జారాడు."

ఈ మూడు మాటలూ ఆమె ఏడాదిగా వింటోంది. పోలీసుల దగ్గర విన్నది, ఫోన్‌లో విన్నది, అమ్మకు తనే చెప్పింది. వింటూ ఉంటే మాటలు అరిగిపోతాయి. జేబులోంచి సీసా తీసింది.

అప్పుడు వెనక నుంచి హెన్నింగ్ నవ్వు వినిపించింది.

"ఒకసారి వెనక్కి చూడు."

ముగ్గురూ నడిచి వచ్చిన జాడలు తడి ఇసుకలో పక్కపక్కనే ఉన్నాయి. హెన్నింగ్‌వి బూటు అచ్చులు. మైకేల్‌వి దూరదూరంగా, లోతుగా, కొంగ నడిచినట్టు. జయశీలవి అచ్చులు కావు. రెండు గీతలు, నీళ్ళ అంచు నుంచి ఆమె కాళ్ళ దాకా, ఎక్కడా తెగకుండా.

"రైలు పట్టాలు," అన్నాడు హెన్నింగ్. "నీళ్ళలోనూ ఇంతే. దారిలో ఉన్న నాచంతా కాళ్ళకు చుట్టుకున్నావు. ఎవరు నేర్పారు ఈ నడక?"

జయశీల తన కాళ్ళ వైపు చూసుకుంది. తను అలా నడుస్తోందని ఆమెకే తెలియదు. నీళ్ళలో దిగి ఎన్నేళ్ళయిందో!

"మా నాన్న," అంది. "మా వైపు లోతు తక్కువ నీళ్ళలో ఒక చేప ఉంటుంది. పళ్ళెంలా చదునుగా ఉంటుంది, ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది. తోకలో ముల్లు. తొక్కితే పొడుస్తుంది. కాలు ఈడ్చుకుంటూ పోతే ఇసుక కదిలి, అదే లేచి పోతుంది. అందుకని నీళ్ళలో అడుగు ఎత్తం."

ఆ చేపను పాలెంలో టేకు అంటారు. ఆ పేరు జర్మన్‌లో ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"ఇక్కడ ఆ చేప లేదు," అన్నాడు హెన్నింగ్. "ఫిబ్రవరిలో వచ్చినవాడికీ ఇదే చెప్పాను. కాళ్ళెత్తి నడువు బాబూ, రాళ్ళున్నాయి, పడతావు అని. వింటేగా!"

గాలి ఒక్కసారి గట్టిగా కొట్టింది. తను సరిగా విన్నదో లేదో జయశీలకు తెలియలేదు.

"ఫిబ్రవరిలో ఎవరొచ్చారు?"

"మీవాడే. ష్వైన్‌ఫర్ట్ నుంచి వచ్చానన్నాడు. పేరు మైకేల్. ఇతని పేరే." గడ్డంతో మైకేల్ వైపు చూపించాడు. "అందుకే కదా పొద్దున నవ్వాను. అతనికీ చేపలు అక్కర్లేదు. గాలం ఇస్తే పట్టుకుని నిలబడ్డాడు, ఒక్కసారి కూడా విసరలేదు. ఇక్కడికి వచ్చినవాళ్ళంతా సముద్రం వైపు చూస్తారు. అతను ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు." కొంచెం ఆగి, ఆమె గీతల వైపు మళ్ళీ చూశాడు. "అతని పట్టాలు మాత్రం ఇంత తిన్నగా లేవు. కుడిది బయటికి వంగుతుంది, తెడ్డు తిప్పినట్టు."

జయశీల చేతిలో సీసా మూత లేకుండా ఉంది. గాలి దాని నోట్లో దూరి సన్నగా ఊదుతోంది.

ఇస్సాకు చిన్నప్పుడు ఒకే ఒక్కసారి నీళ్ళలో కాలెత్తాడు. తోటి పిల్లల ముందు గొప్ప కోసం గంతేశాడు. టేకు ముల్లు కుడి మడమలో దిగింది. నాన్న భుజాన వేసుకుని పరిగెత్తాడు. వాడి ఏడుపు పాలెమంతా విన్నది. గాయం మానినా పాదం బయటికే తిరిగిపోయింది. ఆ తర్వాత వాడు నీళ్ళలో అడుగు ఎత్తలేదు. బాప్తిస్మం నాడు తెల్ల లుంగీతో ఏట్లో పాస్టరు గారి దాకా కాళ్ళీడ్చుకుంటూ వెళ్తే, ఒడ్డున పాటలు పాడేవాళ్ళు పాట ఆపి నవ్వారు.

"మైకేలూ," అంది తెలుగులో. "మళ్ళీ చెప్పు. వాడెలా పోయాడు?"

మైకేల్‌కు హెన్నింగ్ జర్మన్ సగమే అర్థమై ఉంటుంది. తన పేరు మాత్రం అర్థమైంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"అదేనక్కా. చెప్పాను కదండీ. రాయి మీద కాలెత్తి..."

"కాలెత్తి."

"ఆ."

"మావాడు నీళ్ళలో కాలెత్తడురా."

"అదేంటక్కా, నడవాలంటే ఎవరైనా ఎత్తాలి కదా."

"నువ్వు ఎత్తుతావు. అదుగో, చూడు నీ జాడ. వాడు ఎత్తడు. మెడ మీద కత్తి పెట్టినా ఎత్తడు. నువ్వు చూసింది చెప్పలేదు, నీ నడక చెప్పావు."

మైకేల్ జాడల వైపు చూశాడు. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు.

"నేను చూడలేదక్కా," అన్నాడు.

"ఏంటి?"

"చూడలేదు. నన్ను వెనక్కి తిరిగి నిలబడమన్నాడు. ఒడ్డుకేసి. 'చూడకపోతే నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదురా' అన్నాడు. ఏదో ఆటనుకున్నానండి. ఎప్పుడూ ఏదోటి చేసేవోడు కదా. చెవుల నిండా గాలి. ఎంతసేపు నుంచున్నానో నాకే తెలీదు. తిరిగేసరికి లేడు. పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను."

"మరి జారాడని ఎందుకు చెప్పావు?"

"ఏం చెప్పమంటారక్కా? పక్కనే ఉండి ఏం చూశావని పోలీసులడుగుతుంటే, వెనక్కి తిరిగి నుంచున్నానని చెప్పనా? ఎవడు నమ్ముతాడు? నేనే తోశాననరూ? జారాడన్నాను. ఒకసారన్నాక మీకూ అదే, మీ అమ్మగారికీ అదే." నల్లరాయి వైపు చూశాడు. "ఇప్పుడు కళ్ళు మూసుకుంటే వాడు కాలెత్తడం నాకు కనపడుద్దక్కా. నేను చూడందే కనపడుద్ది."

"ఎందుకు చేశాడు ఆ పని?"

"మూడోసారి తప్పాడండి, ఆ ఒక్క సబ్జెక్టు. మూడోసారి పోతే యూనివర్సిటీలోంచి పేరు తీసేస్తారు. ఇంకెక్కడా ఆ కోర్సు చదవనివ్వరు. మీకు చెప్పద్దన్నాడు. 'మా నాన్న పాలెమంతా రెండో ఇంజనీరు వస్తన్నాడని చెప్పేశాడురా, ఏ మొహం పెట్టుకుని దిగను' అనేవోడు."

జయశీలకు కోపం రావలసిన చోటు అది. రాలేదు.

"ఫిబ్రవరిలో నీ పేరు చెప్పుకుని ఇక్కడికి వచ్చిందెవరు?"

"సిలువ మీద ఒట్టక్కా, నాకు తెలీదు. ఆ నెలంతా నేను ష్వైన్‌ఫర్ట్ దాటలేదు." చుట్టూ నీళ్ళకేసి చూశాడు. ఆమెకు దగ్గరగా జరిగాడు. "అక్కా, చచ్చిపోయినోడు నా పేరెట్టుకుని తిరుగుతున్నాడంటారా?"

"చచ్చిపోయినోడికి గైడెందుకురా?"

అన్నది కానీ, ఆ మాట ఆమెకే గట్టిగా అనిపించలేదు. ఆమె దగ్గర ఉన్నదేమిటి? ఒక ముసలి జర్మన్‌కు గుర్తున్న నడక. కాలు ఈడ్చేవాడు ప్రపంచంలో ఇస్సాకు ఒక్కడేనా? పాదం వంకరైనవాడు వాడొక్కడేనా? ఈ మాట పట్టుకుని వట్టి చేతులతో ఒడ్డుకు వెళ్తే, అమ్మ ఇంకో ఏడాది ఆ తెరిచిన గుంట దగ్గరే కూర్చుంటుంది. ఇసుక పంపితే, వాడు ఎక్కడో ఊపిరి పీలుస్తుండగానే పూడ్చేసినట్టవుతుంది.

ఫోన్ మోగింది.

*

శాంతమ్మే. ఇసుక తీసేటప్పుడు ఫోన్‌లో ఉంటానని ముందే చెప్పింది.

"తీస్తున్నావా జయా?" వెనక ఇల్లంతా మనుషుల చప్పుడు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. "పాస్టరు గారొచ్చారు. అందరం కూసున్నాం. నువ్వు తీస్తా ఉండు, ఇక్కడ ప్రార్థన చేస్తారు. ఏందే ఆ హోరు? సముద్రమా?"

"గాలమ్మా."

"తల మీద ముసుగేసుకో."

ఆమె స్పీకరు పెట్టి ఫోన్‌ను ఛాతీ జేబులో ఉంచింది. తల్లి చెప్పిన పని చేయడం తప్ప ఆ క్షణాన ఆమెకు వేరే ఏదీ తోచలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. జేబులోంచి పాస్టరు గారి గొంతు గాలికి తెగుతూ వస్తోంది. సముద్రమును దాని పొలిమేరలలో నిలిపిన తండ్రీ... మా బిడ్డ ఇస్సాకును... మైకేల్ తన పేరెవరైనా పిలుస్తారేమో అన్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

ఇసుక గట్టిగా ఉంది. వేళ్ళకు స్పర్శ లేదు. సీసా అంచుతో గీకింది. ఒక గుప్పెడు లోపల పడింది.

హెన్నింగ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. సీసా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఇసుక. మా అమ్మకు. సమాధిలో పెట్టడానికి."

అతను టోపీ తీశాడు. మర్యాద కోసం అనుకుంది జయశీల. కానీ అతని కళ్ళు సీసాను వదలడం లేదు.

"అతను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు," అన్నాడు నెమ్మదిగా. "ఆ ఫిబ్రవరి మనిషి. తిరిగి వెళ్ళేటప్పుడు అడిగాడు. ఈ దిబ్బ మీది ఇసుక కోసం ఎవరైనా వచ్చారా అని. నాకు అర్థం కాలేదు. ఇసుక ఎవరికి కావాలి అన్నాను. ఇంకా రాలేదా, అయితే సరే అన్నాడు."

జేబులో ప్రార్థన నడుస్తోంది.

జయశీల లేచి నిలబడింది. సీసా తిరగేసింది. ఇసుక సగం గాలికి పోయింది, సగం తన గీతల మధ్యే పడింది. అంచులకు అంటుకున్నది కూడా వేలితో తుడిచేసి, సీసాను నీళ్ళలో జాడించి, మూత పెట్టింది. ఫోన్ తీసి స్పీకరు ఆపి చెవికి ఆనించుకుంది.

"అమ్మా. అమ్మా! ప్రార్థన ఆపమను."

"ఏమైందే?"

"ఇసుక తియ్యలేదు. తియ్యను. గుంట పూడ్చెయ్యండి. రాయి మీద పేరు చెక్కించొద్దు. ఎందుకని ఇప్పుడు అడగొద్దు."

అవతల పాస్టరు గారి గొంతు ఆగిపోయింది. ఎవరో ఏంటమ్మా అని అడుగుతున్నారు. కుర్చీ జరిగింది. అడుగుల చప్పుడు, తలుపు గడియ, తర్వాత పెరట్లో కోళ్ళ అరుపు. తల్లి అందరినీ లోపల వదిలి బయటికి వచ్చిందని జయశీలకు తెలిసింది. ఇటు హెన్నింగ్ నీళ్ళ రంగు చూసి, మెల్లగా కుడిచెయ్యి పైకెత్తాడు.

శాంతమ్మ ఫోన్ నోటికి బాగా దగ్గరగా పెట్టుకుంది. ఏడాదిగా జయశీల వినని గొంతు అది. భయంతో, గుసగుసగా వచ్చింది.

"నీక్కూడా ఫోన్ చేశాడా?"